సైన్స్ నోట్సు మొదటి పేజీలో గడువుల పట్టిక రాయించండి

అయ్యా,

మా పాప సర్కారు బడిలో తొమ్మిదో తరగతి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మీద ప్రాజెక్టు ఇచ్చారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లు, ఎముకలు పాడవుతాయని శ్రద్ధగా రాసుకుంది. ఆ కాగితం కాస్తా ఎక్కడో ఇరుక్కుపోయింది. గడువు ముందురోజు రాత్రి ఇల్లంతా వెతికితే లెక్కల నోట్సు అట్టలో దొరికింది. అప్పటిదాకా పిల్ల ఏడుపు చూడలేకపోయాను.

భౌతికశాస్త్రానికి ఒక టీచరు, జీవశాస్త్రానికి మరొకరు. పైగా ఏడాదికి 4 ఫార్మేటివ్‌లు, అంటే ప్రాజెక్టులు, చిన్న పరీక్షలు చూసి మార్కులు వేసేవి. ఎవరికి ఏది ఎప్పటికి ఇవ్వాలో పిల్లలకు ఎట్లా గుర్తుంటుంది? ఇప్పుడు నోట్సు మొదటి పేజీలో గీతలు గీయించి, పని, ఇచ్చిన రోజు, గడువు రాయిస్తున్నాను. పూర్తయితే టిక్కు. ఇదే పని జూన్‌లో బడి తెరవగానే టీచర్లు చేయించాలి, వారానికోసారి చూసి సంతకం పెట్టాలి. చదువురాని అమ్మానాన్నల పిల్లలకు ఇంట్లో అడిగేవాళ్లు ఉండరు కదా.

– ఒక తల్లి, మర్రిగూడ మండలం, నల్గొండ జిల్లా