సగం బొమ్మ వేస్తే కథే మారిపోయింది

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో జొవాన్ని సెగాంతీని 1894లో వేసిన 'దుష్ట మాతలు' అనే తైలవర్ణ చిత్రం మీద వచ్చిన వ్యాసం చదివాను. ఆల్ప్స్ కొండల చిత్రకారుడికి తెలుగు పేపర్లో అంత చోటిచ్చినందుకు సంతోషమే, కానీ బొమ్మను అడ్డంగా కోసేసి కుడివైపు సగమే వేశారు, అది మాత్రం నాకు చాలా బాధనిపించింది.

ఆ సగంలో ఉన్నదేమిటి? మంచులో ఒక ఎండుచెట్టు, దాని కొమ్మలకు ఎర్రటి జుట్టు చిక్కుకుని విల్లులా వెనక్కి వంగిపోయిన స్త్రీ, ఆ కొమ్మల్లోంచే తల బయటికి పెట్టి ఆమె రొమ్ము అందుకున్న పసిబిడ్డ. అంతవరకే చూస్తే ఎవరైనా ఇది శిక్ష బొమ్మ అనే అనుకుంటారు. మీరు తీసేసిన ఎడమవైపున, దూరంగా, మంచు మైదానం మీద చిన్నచిన్న ఆకారాలుగా తల్లుల వరస ఉంది. వాళ్లు బిడ్డను కాదన్నందుకు పడ్డ శిక్ష తీరినవాళ్లు. విముక్తి ఉన్న సగం పోయి నరకం ఒక్కటే మిగిలింది.

ఇంకో మాట. దీనికి హిందూ గ్రంథమే ఆధారమని వ్యాసం ఒక్క ముక్కలో తేల్చేసింది. సెగాంతీని ఆధారం చేసుకున్నది లుయీజీ ఇల్లికా ఇటాలియన్‌లో రాసిన 'నిర్వాణ' అనే కవిత. తర్వాత ఇటాలియన్ సంగీతకర్త పుచ్చీని ఒపేరాలకు, అంటే పాటలతో నడిచే నాటకాలకు, మాటలు రాసిన ఇల్లికాయే ఈయన. భారతీయ గ్రంథానికి అనుకరణ అని దానికి పేరైతే ఉంది గానీ, బిడ్డను కాదన్న తల్లులు మంచులో అల్లాడి చివరికి నిర్వాణం చేరతారన్న ఊహకూ బుద్ధుడు చెప్పిన నిర్వాణానికీ పొంతనే లేదు.

తల్లి కావడం ఇష్టంలేని ఆడదానికి శిక్ష వేసే ఆ తీర్పు నాకు అస్సలు నచ్చదు. సెగాంతీని ఏడేళ్లకే తల్లిని పోగొట్టుకున్నాడు కాబట్టి ఇలాంటి బొమ్మలు వేశాడంటారు, కావచ్చు, కారణం దొరికినంత మాత్రాన తీర్పు న్యాయమైపోదు కదా. అయినా ఆ మంచు ముందు నేను ఓడిపోతాను. రంగుల్ని పళ్లెంలో కలిపెయ్యకుండా సన్నటి పొడవాటి గీతలుగా పక్కపక్కనే పెట్టుకుంటూ పోయాడు, దగ్గర్నుంచి చూస్తే ఉత్త పోగులు, నాలుగడుగులు వెనక్కి వేస్తే అదంతా వెలుగు. మైదానంలో పొద్దు వాలిపోయింది, వెనక శిఖరాల మీద మాత్రం ఇంకా ఎండ ఉంది. 1886 నుంచి ఆ స్విస్ కొండల్లోనే కాపురముండి, 1899లో 41 ఏళ్లకే షాఫ్‌బర్గ్ కొండ మీద బొమ్మ వేస్తూ జబ్బుపడి అక్కడే చనిపోయిన మనిషికి ఆ కొండ ఉత్త వెనక తెర ఎలా అవుతుంది? శిక్షా అక్కడే, దాన్నుంచి బయటపడే దారీ అక్కడే.

అసలు చిత్రం వియన్నాలోని బెల్వెడేర్ మ్యూజియంలో ఉంది. దయచేసి వచ్చే ఆదివారం దాన్ని మళ్లీ వెయ్యండి. సైజు తగ్గినా ఫర్వాలేదు, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మొత్తం వెయ్యండి.

— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం