హెల్ప్‌లైన్ తమ్ముడికి థాంక్స్

పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయడం లేదు గానీ, నా లాప్‌టాప్ కంపెనీ హెల్ప్‌లైన్‌లో మొన్న ఆదివారం ఫోనెత్తిన తెలుగబ్బాయికి నలుగురిలో థాంక్స్ చెప్పాలనిపించింది.

నేను గుంటూరులో మిర్చి కమిషన్ షాపులకు లెక్కలు రాస్తుంటాను. 20వ తేదీలోపు జీఎస్టీఆర్-3బీలు, అంటే నెలవారీ జీఎస్టీ రిటర్నులు వేయాలి. విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది కదా అని 11కి మార్పించాను. అంతే, టచ్‌ప్యాడ్ మీద వేలు ఎంత రుద్దినా బాణం కదలదు. లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ అయితే కీబోర్డుతోనే లాగించెయ్యొచ్చు, జీఎస్టీ పోర్టల్‌తో నా వల్ల కాదు. మౌస్ కొందామంటే షాపులన్నీ మూసేశారు.

ఫోన్లో వెతికితే పైనే కనబడిన 'కస్టమర్ కేర్' నంబరువాడు డ్రైవర్ (టచ్‌ప్యాడ్‌ లాంటి భాగాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) పాతబడింది, లైసెన్సు ఫీజు కట్టండి, స్క్రీన్ చూసే యాప్ వేసుకోండి అన్నాడు. మా అన్నయ్య కూతురికి చెబితే, "డ్రైవర్‌కి డబ్బులేంటత్తా, కంపెనీ సైట్లో ఊరికే ఇస్తారు. లాప్‌టాప్ తిరగేసి అడుగున సీరియల్ నంబరు చూడు, కంపెనీ సైట్లో ఉన్న నంబరుకే చెయ్యి" అంది. దానికీ థాంక్స్.

ఇక ఈ తమ్ముడు. మొదట మేడమ్ అన్నవాడు కాసేపటికి అక్కా అన్నాడు. "విండోస్ కీ పట్టుకుని ఎక్స్ నొక్కి వదిలెయ్యండి, తర్వాత ఎమ్." లాప్‌టాప్‌లోని భాగాలన్నీ వరసగా చూపించే డివైస్ మేనేజర్ తెరుచుకుంది. ట్యాబ్ కొట్టి, కింది బాణం గుర్తుతో దిగుతూ ఒక్కో వరస చదివి వినిపించమన్నాడు. మౌస్ దగ్గర ఏ తప్పూ లేదు. ఇంకోచోట 'ఐ2సీ హెచ్ఐడీ డివైస్' పక్కన పసుపు త్రికోణం ఉంది. ఎంటర్ కొడితే కోడ్ 10, అంటే డివైస్ స్టార్ట్ కావడం లేదట.

నా లాప్‌టాప్‌లో టచ్‌ప్యాడ్ ఆ ఐ2సీ దారిలోనే మాట్లాడుతుందట. ఆ దారిని నడిపేది ఇంటెల్ సీరియల్ ఐఓ డ్రైవర్. అది పాతదే ఉండిపోయింది. "మెయిన్ పైపు మూసుకుపోతే కొళాయి మార్చి ఏం లాభం అక్కా" అన్నాడు. డ్రైవర్ పేజీ లింకు మెయిల్‌కి పంపి, సీరియల్ నంబరు కొట్టించి, విండోస్ 11కి సరిపడే చిప్‌సెట్ డ్రైవర్లలోంచి దాన్ని దింపించాడు. ట్యాబ్ ఎక్కువసార్లు కొట్టి దాటిపోయినప్పుడల్లా "షిఫ్ట్ పట్టుకుని ట్యాబ్ కొడితే వెనక్కొస్తారు, కంగారు లేదు" అనేవాడు. రీస్టార్ట్ చేశాక బాణం కదిలింది. రిటర్నులన్నీ టైముకే వేసేశాను.

అలాంటి దొంగ నంబర్లకు ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

కాల్ అయ్యాక రేటింగ్ అడుగుతూ మెసేజ్ వచ్చింది, అయిదుకి అయిదు ఇచ్చాను. ఈ పోస్టు వాళ్ల మేనేజర్ కంటపడితే ఒక్క మాట: ఒకే కాల్ మీద అంతసేపు ఉన్నాడని ఆ అబ్బాయిని ఏమీ అనకండి.