జన్యు పరీక్షలు వద్దు, గదుల కేటాయింపు చూడండి

అయ్యా,

హాస్టల్ కుర్రాడు తాగి ప్రమాదం తెచ్చుకుంటే 'వాడి రక్తంలోనే ఉంది' అని కొందరు, 'సావాసం చెడగొట్టింది' అని కొందరు అంటారు. రెండూ కలిసే పనిచేస్తాయన్నది ఎవరికీ పట్టదు. మొదటి మాట నమ్మేవాళ్లు అడ్మిషన్లలోనే జన్యు పరీక్ష పెట్టాలంటారు.

మద్యం వ్యసనం విషయంలో మనుషుల మధ్య కనిపించే తేడాల్లో దాదాపు సగానికి జన్యువులే కారణమని కవలల అధ్యయనాలు చెబుతున్నాయి. అది జనాభా మొత్తానికి వేసిన లెక్క. ఫలానా కుర్రాడికి ముప్పు 50 శాతమని అర్థం కాదు. ఇందుకు ఏదో ఒక జన్యువు కారణమనుకోవడమూ తప్పే. 2019లో పది లక్షల మందికి పైగా డీఎన్ఏను పరిశీలించి, తాగుడు వంటి అలవాట్లతో సంబంధమున్న తెగింపు స్వభావంతో ముడిపడిన 124 తేడాలను గుర్తించారు. అలాంటి తేడాలను కూడి వేసిన స్కోరు సైతం ఆ స్వభావంలోని వైవిధ్యాన్ని 1.6 శాతానికి మించి వివరించలేకపోయింది. అడ్మిషన్లలో జన్యు పరీక్ష పెట్టాలనడం డబ్బు దండగ.

సావాస ప్రభావాన్ని తేల్చడం తేలిక కాదు, ఎందుకంటే తాగేవాళ్లు తాగేవాళ్లనే వెతుక్కుంటారు. లాటరీలా గదులిచ్చిన చోట ఆ చిక్కుండదు. అమెరికాలో అలా గదులు పొందిన విద్యార్థులపై 2015లో వెలువడిన అధ్యయనంలో, ముందే తాగుడు అలవాటున్న రూమ్మేట్ తగిలితే అతిగా తాగే సందర్భాలు నెలకు సగటున 0.5 నుంచి 1 దాకా పెరిగాయి. అదీ తాగుడు వైపు జన్యుపరంగా మధ్యస్థ మొగ్గున్నవారిలోనే. తక్కువ, ఎక్కువ మొగ్గున్నవారిపై ఆ ప్రభావం కనబడలేదు. 2005 నాటి మరో అధ్యయనంలో, స్కూల్లోనే అతిగా తాగిన అబ్బాయికి అలాంటివాడే రూమ్మేట్ అయితే కాలేజీలో తాగుడు బాగా పెరిగింది. అమ్మాయిల్లో ఈ ప్రభావం లేదు. గంజాయి విషయంలో ఎవరిలోనూ లేదు.

అందుకే గది కేటాయించే ముందు ఒక్క ప్రశ్న చాలు: గత నెలలో ఒకే సిట్టింగులో అయిదు, అంతకు మించి మద్యం డ్రింకులు ఎన్నిసార్లు తాగారు? జవాబు కేటాయించే ఉద్యోగికి మాత్రమే తెలియాలి. క్రమశిక్షణ కమిటీకో, తల్లిదండ్రులకో చేరుతుందని అనుమానం వస్తే ఎవరూ నిజం రాయరు. గదులిచ్చాక ఆ కాగితాలు చింపేయాలి. ఎక్కువ తాగే ఇద్దరబ్బాయిలను ఒకే గదిలో వేయకూడదు. వాళ్లందరినీ ఒకే అంతస్తుకు తోస్తే (చాలామంది వార్డెన్లకు ముందు తట్టేది ఇదే) ఆ అలవాటుకు మనమే క్లబ్బు కట్టించినట్టు. కాలేజీలో చేరిన మొదటి ఆరు వారాలు కీలకం కాబట్టి ఆలోగా గది మార్చమంటే కారణం అడగకుండా మార్చాలి.

ఇక తాగుడుపై అవగాహన పోస్టర్లు. తోటివాళ్లు ఎంత తాగుతారో విద్యార్థులు ఉన్నదానికంటే ఎక్కువగా ఊహించుకుంటారు, అసలు అంకె చెబితే తాగడం కొంత తగ్గిస్తారు. అయితే సగటు ఒక్కటే వేస్తే, అంతకన్నా తక్కువ తాగేవాళ్లు సగటు దాకా ఎగబాకే ప్రమాదముంది. అసలు తాగనివారు ఎందరో కూడా పక్కనే వేయాలి.

— జన్యుశాస్త్ర అధ్యాపక బృందం