పస్తున్న పిల్ల ఒళ్ళు చేసే వైనం

ఏరా బావా,

మొన్న ఫోన్లో "ఏడాదిపాటు చేపపిల్లల కడుపు మాడ్చి ఆ తర్వాత మేపడమేంట్రా, పాపం కాదూ" అన్నావు. అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను గానీ, రాత్రి గట్టు మీద కాపలా కూర్చుంటే అదే బుర్రలో తిరిగింది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

పూర్తి పస్తేం కాదురా. శీలావతి, బొచ్చె పిల్లల్ని చిన్న చెరువులో కిక్కిరిసేలా వదిలి, ప్రాణం నిలబడేంత తవుడు వేస్తాం. కైకలూరు, ఆకివీడు వైపు ఎప్పట్నుంచో ఉన్న పద్ధతే. బాగా మేపితే ఏడాదికి ముప్పావుకిలో దాటగల చేప నూరు, నూటయాభై గ్రాముల దగ్గరే గిడసబారిపోతుంది. పోయిన నెల మా చెరువులోంచి ఒకదాన్ని తీసి అరచేతిలో పెట్టుకుంటే తలకాయ ఒక చేపది, ఒళ్ళు ఇంకో చేపది అన్నట్టుంది. వీపు మీద వేలు పెట్టి రాస్తే కండ తగల్లేదు, ముల్లే తగిలింది.

అయితే ఇదంతా వేలెడు సైజు దాటిన పిల్లకే చెల్లుతుంది. గుడ్డులోంచి అప్పుడే వచ్చినదానికి పొట్టకింద సొన ఒక మూడు రోజులకు సరిపోతుంది, అంతే. అది అయిపోయాక నీళ్ళలో కంటికి కనపడని పురుగు నోటికి అందలేదో, ఇక తర్వాత ఎంత పోసినా తినే శక్తే ఉండదు. వేలెడు పిల్ల మాత్రం గట్టిది. ముందు లివర్లో దాచుకున్నది వాడుతుంది, తర్వాత కొవ్వు, ఇంకా కరువైతే కండ. పేగు కూడా సన్నబడిపోతుంది. ఈదడం తగ్గించి ఖర్చు తగ్గించుకుంటుంది. నాకు భలే అనిపించిన సంగతి ఒకటుంది. ఆకలితో ఉన్న చేప రక్తంలో ఒళ్ళు పెంచే గ్రోత్ హార్మోన్ తగ్గదు, చాలా చేపల్లో ఇంకా ఎక్కువే ఉంటుంది. కాకపోతే లివర్ దాని మాట వినడం మానేస్తుంది! మేత దొరగ్గానే లివర్ మళ్ళీ దారికొస్తుంది, పిల్ల గబగబా ఒళ్ళు చేస్తుంది, ఇక చూడు.

ఇక చూడు అన్నానా, అక్కడే నేను దెబ్బతిన్నాను. ఆ పిల్లని పెద్ద చెరువులోకి ఎకరానికి రెండువేల చొప్పున మార్చి, పాపం ఆకలిమీదున్నాయి కదా అని మొదటి రోజే సంచులు నిండుగా కట్టించాను. అడుగున రెండు వరసల చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ సంచుల్లో తవుడు, నూనెగింజల చెక్క పోసి గెడలకి కడతాం, చేపలు కిందనుంచి పొడుచుకు తింటాయి, నీకు తెలుసుగా. పొడుస్తుంటే గెడలు ఊగిపోతున్నాయి, నాకేమో మురిపెం. కానీ సన్నబడ్డ పేగుకి అంత మేత ఎక్కడ పడుతుంది? రెండు గంటల్లో ఖాళీ కావాల్సిన సంచుల్లో సాయంత్రానికి కూడా సగం ఉంది, మిగిలింది నానిపోయి నీళ్ళలోకి జారింది. పైగా రెండు రోజుల మబ్బు, నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయింది. మూడోరోజు తెల్లారగట్ల చెరువంతా మూతులు పైకి పెట్టి గాలి మింగుతున్నాయి. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ వేసి, మోటారుతో కొత్త నీళ్ళు పెట్టి, అరవై డెబ్బై పోయాక మిగతావి నిలబడ్డాయి. తప్పంతా నాదే. కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలని నాన్న చెబుతూనే ఉన్నాడు.

అప్పట్నుంచి ఈ విషయం మీద దొరికిందల్లా చదువుతున్నాను. నార్వేలో మాల్కమ్ జాబ్లింగ్ అనే ఆయన చెప్పిన లెక్క నాకు నచ్చింది. కరిగిపోయిన కొవ్వు మళ్ళీ ఒంటికి తగ్గ పాళ్ళకి చేరేదాకా చేప ఆవురావురుమంటూ తింటుంది, చేరాక మామూలైపోతుంది అంటాడు. అమెరికాలో 1997లో హేవార్డ్ అనే శాస్త్రవేత్త, తోటివాళ్ళు కలిసి ఒకరకం సన్‌ఫిష్‌ని రెండురోజులు పస్తుంచి, తర్వాత ఆబ తగ్గేదాకా మేపి, మళ్ళీ పస్తు, ఇలా తిప్పితే రోజూ తిన్నవాటికంటే రెట్టింపు వేగంతో పెరిగాయట. విని ఎగిరి గంతేయకు. అక్కడ ఒక్కో చేపనీ విడిగా పెట్టారు. మా చెరువులో బలమైనది ముందు తినేస్తుంది, బక్కది చూస్తూ ఉంటుంది. అందుకే ఒకే చెరువు పిల్లలో కిలోదీ ఉంటుంది, పావుకిలోదీ ఉంటుంది.

నీ పాపం మాటకి జవాబు స్వీడన్లో ఉందిరా. పస్తుంచిన ట్రౌట్ పిల్లల్ని వాగులో వదిలితే తోటివాటి సైజు అందుకున్నాయి, కానీ తర్వాతి చలికాలంలో ఎక్కువగా చచ్చిపోయాయని 2006లో రాశారు. గ్లాస్గోలో తిండి బదులు నీటి వేడి మార్చి చూశారు. పరుగున పెరిగి సైజు అందుకున్న స్టికిల్‌బ్యాక్ చేపల ఆయుష్షు సుమారు 15 శాతం తగ్గిందట, నిదానంగా పెరిగినవాటికి సుమారు 30 శాతం పెరిగిందట. అంటే సైజు తిరిగొస్తుంది గానీ అప్పు మిగిలే ఉంటుంది. మా చేపకి ఆ అప్పు తీర్చే రోజే రాదు, కిలోన్నరకి రాగానే ఐసులో పెట్టి లారీ ఎక్కించేస్తాం. పాపమో పుణ్యమో నువ్వే తేల్చు. నేనైతే ఈ పద్ధతి మానను, పిల్ల గట్టిగా ఉంటుంది, వదిలాక చావు తక్కువ.

రేపు పొద్దున్నే విసురు వల వేయించి తూకం చూడాలి. నిన్న ఒకటి చిక్కితే వీపు రాసి చూశా, ముల్లు తగల్లేదు. సగటు ఎంత వచ్చిందో వాట్సాప్‌లో పెడతాను. పిన్నిగారిని అడిగానని చెప్పు.

ఇట్లు
నీ చేపలోడు