రూట్ కెనాల్ అనే ముందు పరీక్ష చేసి చూపించాలి

సంపాదకులకు నమస్కారం.

పన్ను నొప్పి అని వెళితే కుర్చీలో కూర్చోబెట్టి, లైటు వేసి చూసి, "రూట్ కెనాల్ చేయాలి, పైన క్యాప్ వేయాలి" అనేయడం మా బంధువుల్లో, ఇరుగుపొరుగులో చాలామందికి ఎదురైంది. ఆ మాట నిజమే కావచ్చు. కానీ ఏ పరీక్షను బట్టి అలా చెబుతున్నారో రోగికి వివరించేవాళ్లు తక్కువ. వేల రూపాయల ఖర్చు, రెండు మూడుసార్లు తిరగడం ఒక ఎత్తు. రూట్ కెనాల్ అంటే పంటి లోపలి నరం తీసేసి ఆ ఖాళీని పూడ్చడం. ఒకసారి తీసేసిన నరాన్ని మళ్లీ పెట్టలేకపోవడం మరో ఎత్తు.

మా ఆడపడుచుకు చల్లనీళ్లు తగిలితే కింది దవడ పన్ను జివ్వుమనేది. ఒక ప్రైవేటు క్లినిక్‌లో ఎక్స్‌రే కూడా తీయకుండానే రూట్ కెనాల్ అన్నారు, అడ్వాన్సు కట్టమన్నారు. అనుమానం వచ్చి ఇంకో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ చిన్న దూది ఉండ మీద చల్లటి స్ప్రే కొట్టి, ముందు పక్కనున్న మంచి పన్నుకు ఆనించారు, ఆ తర్వాత పుచ్చు పన్నుకు. "జివ్వుమనగానే చెయ్యెత్తమ్మా, తగ్గగానే దించెయ్" అన్నారు. పుచ్చు పన్నుకు చెయ్యి గబుక్కున లేచింది, కానీ దూది తీసిన రెండు మూడు సెకన్లకే దిగిపోయింది. అద్దం కాడతో పంటి మీద తట్టి చూస్తే నొప్పి లేదు. ఎక్స్‌రే తీసి, పుచ్చు ఇంకా నరం ఉండే లోపలి గుజ్జు దాకా పోలేదని వేలు పెట్టి చూపించారు. పుచ్చు తొలిచి సిమెంటు పెట్టి పంపించారు. ఆ పన్నుతోనే మా ఆడపడుచు ఇప్పటికీ చక్కగా నమిలి తింటోంది.

చల్లదనం తీసేశాక కూడా పోటు నిమిషాల తరబడి లాగుతుంటే, ఏమీ తగలకుండానే దానంతటదే నొప్పి లేస్తుంటే, రాత్రి పడుకోగానే ఎక్కువై నిద్ర పట్టనివ్వకపోతే, అప్పుడు నరం మళ్లీ కోలుకోలేనంతగా వాచి ఉంటుంది. చల్లటిది పెట్టినా పంటికి ఏమీ తెలియకపోతే నరం చచ్చిపోయి ఉండొచ్చు. ఎక్స్‌రే ఒక్కటీ చూసి తేల్చేయడానికీ లేదు. నరం బతికి ఉందో లేదో అందులో కనిపించదు, వేరు కొన దగ్గర మొదలైన చీము కూడా తొలిరోజుల్లో కనిపించకపోవచ్చు. చిగుళ్లు జారిపోయినా, పన్ను పగులిచ్చినా, కొత్తగా పెట్టిన సిమెంటు ఎత్తుగా ఉన్నా పన్ను నొప్పే వస్తుంది. సైనస్ పట్టేసినప్పుడు పై దవడ వెనక పళ్లు సలపొచ్చు. ఇన్ని కారణాలున్నప్పుడు లైటు వేసి ఒక్క చూపు చూస్తే సరిపోతుందా?

రూట్ కెనాల్ వద్దని నేను అనడం లేదు. మా వీధిలో ఒక పెద్దాయన రాత్రిళ్లు పోటు భరించలేక మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ బిళ్లలు వేసుకున్నారు. కొన్నాళ్లకు నొప్పి పోయింది, తగ్గిందనుకున్నారు. నిజానికి నరం చచ్చిపోయింది కాబట్టి నొప్పి తెలియలేదు. కొన్ని నెలలకు బుగ్గ వాచి, నోరు తెరవలేక ఆసుపత్రిలో చేరారు. వాచిన నరాన్ని యాంటీబయాటిక్ బాగుచేయదని ఆయనకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ పన్ను దక్కేది. పై పన్ను పీకిస్తే కంటిచూపు పోతుందన్న అపోహతో డాక్టరు దగ్గరికే వెళ్లనివాళ్లు మా వైపు ఇప్పటికీ ఉన్నారు. పరీక్ష లేకుండా చేసే రూట్ కెనాళ్లు ఇలాంటివాళ్ల భయాన్ని ఇంకా పెంచుతున్నాయి. "వెళితే డబ్బులు గుంజుతారు" అని నిజంగా అవసరమైనవాళ్లు కూడా ఆగిపోతున్నారు. నా బాధ ముఖ్యంగా ఇదే.

చికిత్స ఏమిటో, దానికి బదులు ఇంకేం చేయొచ్చో, చేయించుకోకపోతే ఏమవుతుందో రోగికి చెప్పాకే సమ్మతి తీసుకోవాలని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లి కేసులో స్పష్టంగా చెప్పింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో రికార్డులు పొందే హక్కు, వేరే డాక్టరు అభిప్రాయం తీసుకునే హక్కు కూడా ఉన్నాయి. పంటి డాక్టరు దగ్గర మాత్రం ఎక్స్‌రే కాపీ ఇవ్వమంటే మనల్ని ఎగాదిగా చూస్తారు.

విజయవాడ, కడప ప్రభుత్వ దంత కళాశాలల్లో నిపుణులున్నారు. కానీ కూలి పని మానుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని ఒక్క పన్ను కోసం అంతదూరం ఎంతమంది వెళ్లగలరు? ఏరియా ఆసుపత్రుల్లోని దంత విభాగాల్లో పంటి ఎక్స్‌రే యంత్రం పనిచేసేలా, చల్లదనం పరీక్షకు కావలసిన స్ప్రే అయిపోకుండా చూడాలని వైద్య ఆరోగ్య శాఖను కోరుతున్నాను. ప్రైవేటు క్లినిక్‌లో రూట్ కెనాల్ చెప్పినవాళ్లు ముందు అక్కడికి వెళ్లి నిర్ధారణ చేయించుకునే వీలుండాలి. రాష్ట్ర దంత వైద్య మండలి కూడా ఒక ఆదేశం ఇవ్వాలి. ఏ పన్ను, ఏ పరీక్షలు చేశారు, ఏం తేలింది, సిమెంటు సరిపోతుందా లేదా, మొత్తం ఖర్చెంత అన్నవి తెలుగులో ఒక చీటీ మీద రాసి, ఎక్స్‌రేతో పాటు రోగి చేతికిచ్చిన తర్వాతే అడ్వాన్సు తీసుకోవాలి.

– ఒక పాఠకురాలు, తెనాలి