డ్రిల్లు మాస్టారికి నాక్స్‌విల్ నుంచి

నాక్స్‌విల్, టెనెస్సీ
ఆదివారం రాత్రి

నాన్నా,

ఇక్కడ మేం క్షేమం. నువ్వూ అమ్మా క్షేమమని తలుస్తాను. ఆఫీసు పని మామూలే, రాయడానికేమీ లేదు. బుజ్జిగాడికి దగ్గు తగ్గింది. అమ్మ పంపిన మాగాయ ఇంకా సగం సీసా ఉంది, పొదుపుగా వాడుకుంటున్నాం.

ఫోన్లో అయితే రెండు మాటలాడి అమ్మకిచ్చేస్తావు. అందుకే ఉత్తరం. నిదానంగా చదువు. ఒక్కసారికి సరిపోకపోతే మళ్ళీ చదువు.

నిన్న యూనివర్సిటీ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ మ్యాచికి వెళ్ళాం. నది ఒడ్డున పెద్ద స్టేడియం. తిరునాళ్ళకు వచ్చినట్టు వచ్చారు జనం, ఎటు చూసినా నారింజ రంగు చొక్కాలే. ఆడపిల్లల ఆటకు ఇంతమందా అని నాకు కళ్ళు చెమర్చాయి. మన జోనల్ పోటీలప్పుడు గోడ మీద కూర్చున్న పదిమంది కుర్రాళ్ళను నువ్వు ఈల వేసి తరిమేవాడివి, గుర్తొచ్చింది.

ఆ ఆటస్థలానికి ఒక కోచ్ పేరు పెట్టారు. ప్యాట్ సమిట్. స్టేడియం ఎదురుగా కంచు విగ్రహం కూడా ఉంది. ఆవిడ గురించి నీకు ఎప్పుడో చెప్పాల్సింది. వాళ్ళదీ మనలాగే పొగాకు వేసే ఇల్లు నాన్నా. పొలం పని, పాలు పితకడం అన్నీ అయ్యాక గడ్డి దాచే అటక మీద అన్నలతో కలిసి బాస్కెట్‌బాల్ ఆడేదట. ఉన్న ఊళ్ళో బడికి ఆడపిల్లల జట్టు లేదని వాళ్ళ నాన్న కాపురమే పక్క ఊరికి మార్చాడు. ఇది చదివినప్పుడు నువ్వే గుర్తొచ్చావు. నన్ను ఆటలకు పంపిస్తున్నావని నానమ్మ నెల్లాళ్ళు నీతో మాట్లాడలేదు కదా.

1974లో 22 ఏళ్ళకే ఇక్కడ కోచ్ అయింది. జీతం నెలకు 250 డాలర్లు. జట్టులో కొందరు ఆవిడకంటే ఏడాదే చిన్న. వ్యాను తోలింది తనే, పిల్లల బట్టలు ఉతికింది తనే. నువ్వు ఖోఖో జెర్సీలు మన పెరట్లో ఉతికి తీగ మీద ఆరేసేవాడివి. పన్నెండు జెర్సీలు వరసగా ఊగుతుంటే నేను కింద నిలబడి నంబర్లు చదివేదాన్ని. ఆవిడ మొదటి మ్యాచిలోనే ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయింది, 84కి 83. ఆ తర్వాత 38 ఏళ్ళు అక్కడే ఉంది. 1098 గెలుపులు, 208 ఓటములు, 8 జాతీయ టైటిళ్ళు. 1998లో అయితే ఆడిన 39 మ్యాచిలూ గెలిచారు.

నీకు నచ్చేది ఇది కాదులే. ఆవిడ జట్టు పిల్లలు క్లాసు ఎగ్గొట్టకూడదు, మొదటి మూడు వరసల్లోనే కూర్చోవాలి. అక్కడ చివరిదాకా ఆడిన పిల్లలందరూ డిగ్రీ పూర్తి చేశారు, ఒక్కరూ మిగల్లేదు. లెక్కల్లో తప్పిన పిల్లను స్కూళ్ళ మధ్య జరిగే గ్రిగ్స్ పోటీలకు తీసుకెళ్ళనని, రాత్రిళ్ళు మన వరండాలో కూర్చోబెట్టి లెక్కలు చెప్పించావే, ఆ సంగతి ఇక్కడ అందరికీ చెబుతుంటాను.

ఈ ముక్క అమ్మకు చదివి వినిపించు. 1990లో ఆవిడ నిండు నెలల్లో, జట్టులోకి ఒక పిల్లను అడగడానికి పెన్సిల్వేనియా వెళ్ళింది. అక్కడే నొప్పులు మొదలయ్యాయి. దారిలో వర్జీనియాలో విమానం దించుదామంటే వద్దంది. బిడ్డ టెనెస్సీలోనే పుట్టాలని పట్టుబట్టి ఇక్కడిదాకా వచ్చి కన్నది.

ఇప్పుడు అసలు సంగతి. కోపం తెచ్చుకోకుండా చదువు.

అరవై ఏళ్ళు రాకముందే ఆవిడకు మరుపు మొదలైంది. మ్యాచి నడుస్తుండగా ఏ ఎత్తు వెయ్యాలో తోచేది కాదట. కీళ్ళ నొప్పుల మందుల వల్లేమో అనుకుంది. 2011లో పరీక్షలు చేయించుకుంటే అల్జీమర్స్ అన్నారు. దాచలేదు నాన్నా. ముందు తన జట్టు పిల్లలకు, ఆ తర్వాత లోకానికి తనే చెప్పింది. చెప్పాక ఇంకో సీజన్ కోచ్‌గా ఉంది. పక్కనున్న సహాయకులు మరింత పని అందుకున్నారు. జనం ఆవిడ వెనక మేమున్నామని రాసిన చొక్కాలు వేసుకొచ్చారు. 2012లో తన దగ్గరే ఆడి, తన దగ్గరే పనిచేసిన హాలీ వార్లిక్‌కు జట్టును అప్పగించింది. నీకు అబద్ధం చెప్పను, 2016లో పోయింది, 64 ఏళ్ళకు. ఈ ఊళ్ళో మరుపు జబ్బుకు ఆవిడ పేరుతోనే క్లినిక్ ఉంది.

నీకు అదే జబ్బని నేను అనడం లేదు. బి12 తగ్గినా, థైరాయిడ్ ఉన్నా మరుపు వస్తుంది, వాటికి మందులున్నాయి. ఏదో చూపించుకుంటేనే కదా తెలిసేది. బజారుకని వెళ్ళి హైస్కూలు గేటు దగ్గర నిలబడిపోయిన సంగతి అమ్మ చెప్పింది. అమ్మను ఏమీ అనకు, నేనే గుచ్చి గుచ్చి అడిగాను. రిటైరై తొమ్మిదేళ్ళయినా నీ కాళ్ళు ఆ గ్రౌండుకే వెళ్ళాయంటే నాకు ఆశ్చర్యం లేదు. కానీ ఆ రోజు నీకు ఇంటి దారి తోచలేదు కదా నాన్నా. అది విన్న రాత్రి నేను నిద్రపోలేదు.

అమెరికాలో కూర్చుని చెప్పడం తేలికేనని బాబాయి అన్నాడట. తేలిక కాదని ఆయనకు చెప్పు. ఏప్రిల్‌లో వస్తాను, సెలవు అడిగాను.

తమ్ముడు ఒంగోల్లో నరాల డాక్టరు దగ్గర నంబరు రాయించాడు. వచ్చే శనివారం వాడే వచ్చి తీసుకెళ్తాడు. నువ్వు స్కూటరు తియ్యకు. పాత మందుల చీటీలన్నీ అమ్మను సంచిలో పెట్టమను. డాక్టరు అడిగితే బాగానే ఉన్నానని చెప్పి లేచి రాకు, గేటు సంగతి చెప్పు.

ఇక్కడ కుండీలో గోంగూర బతికింది, చలికాలం లోపలే పెట్టాను. అమ్మ మోకాలికి బెల్టు పంపిస్తున్నాను.

ఇంకొకటి. మొన్న మన 98 జట్టు పిల్లల పేర్లు ఒక్కొక్కటే అనుకుంటే పదకొండే వచ్చాయి. పోల్ దగ్గర డైవ్ కొట్టి పట్టేసేది, మోకాలికి ఎప్పుడూ గుడ్డ కట్టుకుని ఉండేది, ఆ పొట్టి పిల్ల పేరేమిటి? తెలిస్తే కార్డు ముక్క మీద నీ చేతి రాతతో రాసి పంపు. గుర్తు రాకపోయినా ఉత్తరం మాత్రం రాయి.

నీ చిన్ని