తెర వణికితే డిస్‌ప్లే పోయినట్టేనా?

సంపాదకులకు నమస్కారం.

నరసరావుపేటలో 12 ఏళ్లుగా డీటీపీ పని చేసుకుంటున్నాను. మొన్న శ్రావణంలో పెళ్లికార్డుల పని ఊపిరాడనివ్వని రోజుల్లో నా ల్యాప్‌టాప్ స్క్రీన్ పాత ట్యూబ్‌లైటులా కొట్టుకోవడం మొదలుపెట్టింది. వధువు తాతగారి పేరు టైపు చేస్తుంటే అక్షరాలు కనిపించి మాయమవుతున్నాయి. ప్రూఫు కోసం పెళ్లివారు ఎదురుగానే కూర్చున్నారు. ఆ టెన్షన్ పగవాళ్లకు కూడా వద్దు.

రిపేరు షాపుకి పరిగెత్తాను. ఆన్ చేసి చూసి, "డిస్‌ప్లే పోయిందమ్మా, 7,800 అవుతుంది" అన్నాడు. ఒక్క స్క్రూ కూడా విప్పలేదు. చేతిలో అంత డబ్బు లేక ఇంటికి తెచ్చేశాను.

హైదరాబాద్‌లో ఉండే మా ఆడపడుచు కొడుకు ఫోన్‌లో చెప్తుంటే అలాగే చేశాను. ముందు హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలిపాను. టీవీలో బొమ్మ నిలకడగా ఉంది, ల్యాప్‌టాప్‌లో మాత్రం కొట్టుకుంటోంది. అంటే లోపల బొమ్మను తయారుచేసే భాగం చాలావరకు బాగానే ఉన్నట్టు. ఆపి మళ్లీ ఆన్ చేస్తే, విండోస్ మొదలవకముందే కంపెనీ లోగో కూడా వణికింది. అంటే తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. ఇక మూతను మెల్లగా వంచి చూడమన్నాడు. వెనక్కి వాలిస్తే వణుకు, నిటారుగా పెడితే లేదు. "అత్తా, కీలు దగ్గర కేబుల్ చూపించు" అన్నాడు.

వేరే షాపులో మెకానిక్ నా ముందే స్క్రీన్ చుట్టూ ఉన్న ఫ్రేము ఊడదీశాడు. మదర్‌బోర్డు (లోపలి ప్రధాన సర్క్యూట్ పలక) నుంచి స్క్రీన్‌కి వెళ్లే సన్నటి కేబుల్, సరిగ్గా కీలు మలుపు దగ్గర ఒరుసుకుపోయింది. నల్లటేపు చిరిగి, బియ్యపుగింజంత మేర రాగి తీగలు మెరుస్తున్నాయి. కేబుల్, కూలీ కలిపి 1,100 అయింది.

నాకు అవసరం పడలేదు గానీ, లోగో బాగానే ఉండి విండోస్ వచ్చాకే కొట్టుకుంటుంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ (నడుస్తున్న ప్రోగ్రాములను చూపే కిటికీ) తెరవాలి. అది కూడా వణికితే చాలావరకు డిస్‌ప్లే డ్రైవర్‌ది (తెరను నడిపే సాఫ్ట్‌వేర్‌ది), అదొక్కటే నిలకడగా ఉంటే ఏదో ప్రోగ్రామ్‌ది తప్పు. రెండింటికీ స్క్రూడ్రైవరే అక్కర్లేదు.

డిస్‌ప్లేలు నిజంగా పోవని అనను. కానీ వేలల్లో చెప్పే ముందు ఓసారి టీవీకో మానిటర్‌కో కలిపి, మూత వంచి చూడ్డానికి ఎంతసేపు పడుతుంది? అప్పు చేసి పిల్లలకు ల్యాప్‌టాప్ కొనిచ్చిన తల్లిదండ్రులు మా ఊళ్లో ఎందరో. ఈ మాట అడగాలని కూడా వాళ్లకు తెలియదు. షాపులవాళ్లు మన ఎదుటే పరీక్ష చేయాలి, మార్చిన పార్టు పేరు బిల్లు మీద రాయాలి, పాత పార్టు చేతికివ్వాలి. మోసం జరిగిందనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి తెలుగులోనే చెప్పుకోవచ్చు. కొత్త ఫోన్ల కబుర్లు వేసే పేజీలో ఇలాంటి ఇంటి పరీక్షలకు కూడా కాస్త చోటివ్వండి.

ఆ పాత కేబుల్‌ని అడిగి తెచ్చుకున్నాను. కార్డుల శాంపిళ్ల పక్కనే కవర్లో పెట్టి, స్క్రీన్ పోయిందంటూ వచ్చినవాళ్లకు చూపిస్తున్నాను.

- ఒక డీటీపీ ఆపరేటర్, నరసరావుపేట